బిల్లు ఎక్కడ ఆగిందో బాట్‌కి తెలియదు

ఈసారి ప్రశ్నలన్నీ ఒకే గదిలోంచి వచ్చినట్టున్నాయి: అకౌంట్స్ సెక్షన్, అందులోనూ కొనుగోలు బిల్లుల టేబుల్. సాఫ్ట్‌వేర్ రోబోని ఆఫీసుల్లో పిలిచే పేరుతోనే ఇక్కడ 'బాట్' అంటున్నాం. పని ఏ మెట్టు మీద ఉందో చూసుకుంటూ నడిపించే బీపీఎం (బిజినెస్ ప్రాసెస్ మేనేజ్‌మెంట్) సాఫ్ట్‌వేర్‌ని 'ప్రాసెస్ ఇంజన్' అంటున్నాం. అడిగినవాళ్ళ పేర్లు, కంపెనీల పేర్లు తీసేశాం.

ప్రశ్న (బాలానగర్ నుంచి ఒక అకౌంట్స్ మేనేజర్): మాది విడిభాగాల తయారీ. నెలకి సుమారు 1,800 కొనుగోలు బిల్లులు వస్తాయి. ఏడాది కిందట బాట్ పెట్టించాం. మెయిల్‌లో వచ్చిన బిల్లు తెరిచి ఈఆర్‌పీలో (కొనుగోళ్ళు, స్టోర్స్, లెక్కలు అన్నీ ఉండే కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో) ఎంట్రీ కొడుతుంది. పదింటిలో ఏడు బాగానే పోతున్నాయి. మిగతా మూడు ఒక ఎక్సెల్ షీట్‌లో 'ఫెయిల్డ్' అని పడుతున్నాయి. వెండర్ ఫోన్ చేసి 'నా బిల్లు ఏమైందండీ' అంటే మెయిలూ, ఆ షీటూ, స్టోర్సూ మూడు చోట్లా వెతుక్కోవాలి. ఇప్పుడు బాట్ పెట్టినవాళ్ళే బీపీఎం కూడా కొంటే గానీ పని పూర్తికాదంటున్నారు. నిజంగా అవసరమా, ఇది ఇంకో బేరమా?

జవాబు: బేరం కూడా కావచ్చు. అవసరం మాత్రం ఉన్నట్టే కనిపిస్తోంది. కానీ కొనేముందు ఒక పని చేయండి. 'ఫెయిల్డ్' షీట్‌లోంచి పోయిన రెండు నెలలవి ఓ 200 వరసలు తీసి, ప్రతిదానికీ పక్కన అసలు కారణం చేత్తో రాయించండి. రాసేది బాట్ తెలిసినవాళ్ళు కాదు, బిల్లులు తెలిసినవాళ్ళు అయ్యుండాలి. సాధారణంగా నాలుగు కుప్పలవుతాయి: బిల్లు మీద పీఓ (కొనుగోలు ఆర్డరు) నంబరు లేదు, స్టోర్స్ జీఆర్‌ఎన్ (సరుకు అందినట్టు రాసే రసీదు) ఇంకా వేయలేదు, రేటు లేదా పరిమాణం తేడా, స్క్రీన్ దగ్గర బాట్ ఆగిపోయింది. మొదటిదే పెద్ద కుప్ప అయితే మీకు కావాల్సింది సాఫ్ట్‌వేర్ కాదు, పీఓ నంబరు లేని బిల్లు తీసుకోబోమని వెండర్లకి ఒక ఉత్తరం. నాలుగోది పెద్దదైతే ముందు బాట్‌నే బాగుచేయించాలి. రెండు, మూడు కుప్పలు పెద్దవైతేనే ప్రాసెస్ ఇంజన్ మాట.

ఎందుకంటే ఆ రెండింటిలోనూ ఉన్నది ఎదురుచూపు. బాట్ చేసేది చేతులు చేసే పని: స్క్రీన్ తెరవడం, అంకె చదవడం, ఇంకో చోట కొట్టడం, సేవ్ నొక్కడం. ఒక బిల్లుకి నాలుగు నిమిషాలు పడుతుందనుకుందాం. బిల్లు ఆయుష్షు మాత్రం నాలుగు నిమిషాలు కాదు, 30 రోజులో 45 రోజులో. ఆ మధ్యకాలమంతా సరుకు దిగాలి, క్వాలిటీవాళ్ళు పాస్ చేయాలి, రేటు తేడా వస్తే పర్చేజ్‌వాళ్ళు తేల్చాలి. బాట్‌కి ఆగి చూడటం చేతకాదు. ఆ క్షణాన జీఆర్‌ఎన్ కనిపించకపోతే దాని లెక్కలో అది ఫెయిలే. నిజానికి ఆ బిల్లు ఫెయిల్ కాలేదు, ఇంకా సమయం రాలేదు అంతే.

ప్రాసెస్ ఇంజన్ ప్రతి బిల్లుకీ ఒక ఖాతా తెరుస్తుంది. ఇప్పుడు ఏ మెట్టు మీద ఉంది, ఎవరి దగ్గర, ఎన్నో తారీకు నుంచి అన్నది అందులో రాసుకుంటుంది. తర్వాతి పని మనిషిదైతే ఆయన పనుల జాబితాలో, బాట్‌దైతే బాట్ క్యూలో పెడుతుంది. మెట్ల బొమ్మ గీయడానికి వాడే పద్ధతి బీపీఎంఎన్ 2.0. ఓఎంజీ అనే ప్రమాణాల సంస్థ 2011లో విడుదల చేసింది, 2013లో ఐఎస్‌ఓ 19510 అయింది. గీసిన బొమ్మనే ఇంజన్ నడుపుతుంది కాబట్టి బొమ్మ ఒకటి, జరిగేది ఒకటి అనే ఇబ్బంది తక్కువ.

మీ బిల్లు నడక ఇలా ఉండాలి. మెయిల్ పెట్టెలో పడిన క్షణమే ఖాతా తెరుచుకోవాలి, బాట్ చదివాక కాదు. చాలాచోట్ల జరిగే పొరపాటు ఇక్కడే. బాట్ చదవగలిగిన బిల్లులకే ఖాతా తెరిస్తే, చదవలేనివి ఏ జాబితాలోనూ కనబడవు, మళ్ళీ మెయిల్‌లో వెతకడమే. ఖాతా తెరిచాక చదివే పని బాట్‌ది. తర్వాత ఈఆర్‌పీలోంచి పీఓ, జీఆర్‌ఎన్ వివరాలు తెచ్చే పని కూడా దానిదే. బిల్లు, పీఓ, జీఆర్‌ఎన్ మూడింటినీ పోల్చి 'పాస్' అనాలా 'హోల్డ్' అనాలా అన్న తీర్పు మాత్రం బాట్ కోడ్‌లో పెట్టనివ్వకండి. ఇంజన్‌లో నియమాల పట్టికగా ఉంచండి, మీ మేనేజర్లు చదివి మార్చుకునేట్టుగా.

ఉదాహరణకి నియమం ఇదనుకోండి: రేటు తేడా 1 శాతం లోపు, మొత్తం తేడా 500 రూపాయల లోపు, రెండూ కుదిరితేనే పాస్. పీఓలో కిలో 212 రూపాయలు, బిల్లులో 214. తేడా 0.94 శాతం, మొదటి షరతు కుదిరింది. సరుకు 600 కిలోలు, అంటే తేడా 1,200 రూపాయలు, రెండోది కుదరలేదు. బిల్లు పర్చేజ్ ఆఫీసర్ జాబితాలోకి పోతుంది, రెండు రేట్లూ పక్కపక్కన కనిపిస్తూ. ఆయన 'ఒప్పుకున్నాం', 'డెబిట్ నోట్', 'తిప్పి పంపు' మూడింటిలో ఒకటి నొక్కుతారు, అంతే. శాతం ఒక్కటే చూసే నియమం పెడితే పెద్ద బిల్లుల్లో డబ్బు కారిపోతుంది. మొత్తం ఒక్కటే చూస్తే, చిన్న బిల్లులో రేటు బాగా పెరిగినా పట్టుబడదు.

జీఆర్‌ఎన్ లేకపోతే బిల్లు అక్కడే ఆగి ఉంటుంది, ఫెయిల్ అనిపించుకోదు. స్టోర్స్ జీఆర్‌ఎన్ వేసిన వెంటనే ఆ సమాచారం వచ్చి ఖాతాని లేపుతుంది. ఆ వీలు లేకపోతే రోజుకి రెండుసార్లు బాట్ వెళ్ళి చూసి వస్తుంది. రెండు రోజులు దాటితే స్టోర్స్ క్లర్కుకి గుర్తు చేయాలి, ఐదు రోజులకి స్టోర్స్ మేనేజర్‌కి వెళ్ళాలి. ఇవన్నీ బొమ్మలో టైమర్లుగా గీసేస్తారు.

ఇంకో గడియారం ఉంది, అది మీ ఇష్టం మీద నడవదు. సూక్ష్మ, చిన్న తరహా సరఫరాదారులకి 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంక్ బ్యాంకు రేటుకి మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. రోజులు లెక్కపెట్టేది బిల్లు తారీకు నుంచి కాదు, సరుకు అందిన రోజు నుంచి. సరుకు మీద అభ్యంతరం ఉంటే అందిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా చెప్పాలి, అప్పుడే ఆ అభ్యంతరం తీరిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. కాబట్టి సరుకు అందిన తారీకుని ఖాతాలో విడిగా దాచి, హోల్డ్‌లో ఉన్న ప్రతి బిల్లు మీదా 10వ రోజున ఒక టైమర్ పెట్టించండి: 'వెండర్‌కి రాసి పంపారా?' అని. ఎక్సెల్ షీట్‌లో 'ఫెయిల్డ్' అని పడి ఉన్న బిల్లు ఈ ప్రశ్న ఎవరినీ అడగదు.

ప్రశ్న (విశాఖపట్నం నుంచి ఒక డెవలపర్): ఫ్లోయబుల్ అనే ప్రాసెస్ ఇంజన్‌లో ప్రాసెస్ నడుస్తోంది, పక్కన మూడు బాట్లు. ఇంజన్ దగ్గర పని తీసుకుని, ఎంట్రీ కొట్టి, 'పూర్తయింది' అని చెప్తాయి. రెండు నెలలుగా నెలాఖరులో కొన్ని బిల్లులు రెండేసిసార్లు ఎంట్రీ అవుతున్నాయి. బాట్ లాగ్‌లో ఎంట్రీ దగ్గర ఏ ఎర్రరూ లేదు.

జవాబు: నెలాఖరులో అన్నారు కదా, దొంగ అక్కడే దొరికాడు. బాట్ పని తీసుకునేటప్పుడు ఇంజన్ ఆ పనికి కొంతసేపు తాళం వేస్తుంది. అది 5 నిమిషాలు అనుకుందాం. మామూలు రోజుల్లో ఎంట్రీ నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. నెలాఖరులో ఈఆర్‌పీ నెమ్మదించి ఏడు నిమిషాలు పడుతుంది. ఐదో నిమిషంలో తాళం ఊడగానే, మొదటి బాట్ చచ్చిపోయిందనుకుని ఇంజన్ అదే పనిని రెండోదానికి ఇస్తుంది. మొదటిది బతికే ఉంది, ఏడో నిమిషంలో సేవ్ నొక్కుతుంది. రెండోది కూడా నొక్కుతుంది. మొదటి బాట్ ఆలస్యంగా పంపిన 'పూర్తయింది'ని ఇంజన్ తిప్పికొట్టి ఉంటుంది. ఎంట్రీ దగ్గర కాకుండా ఆ జవాబు దగ్గర లాగ్ చూడండి.

తాళం సమయం మామూలు రోజు చూసి పెట్టకూడదు. నెలాఖరు రోజుల్లో అతి నెమ్మదిగా అయిన ఎంట్రీ ఎంతసేపు పట్టిందో చూసి, దానికి రెండు మూడు రెట్లు పెట్టండి. ఎక్కువ పెడితే నష్టం ఒకటే: బాట్ నిజంగానే పడిపోతే ఆ బిల్లు అంతసేపు ఆగుతుంది. రెండుసార్లు చెల్లించడం కన్నా అరగంట ఆలస్యం నయం.

అసలు మందు అది కూడా కాదు. సేవ్ నొక్కేముందు బాట్ వెతకాలి, ఈ బిల్లు ఇప్పటికే ఉందా అని. దేనితో వెతకాలంటే నాలుగింటితో: సరఫరాదారు జీఎస్‌టీఐఎన్ (జీఎస్‌టీ నమోదు నంబరు), ఆర్థిక సంవత్సరం, పత్రం రకం, బిల్లు నంబరు. జీఎస్‌టీ నియమాల్లో 46వ నియమం ప్రకారం బిల్లు నంబరు 16 అక్షరాలు మించకూడదు, ఒక ఆర్థిక సంవత్సరంలో మళ్ళీ రాకూడదు. ఈ-ఇన్వాయిస్‌లకి (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదయ్యే బిల్లులకి) ఇచ్చే 64 అక్షరాల గుర్తింపు సంఖ్య ఐఆర్‌ఎన్ పుట్టేది కూడా ఈ నాలుగింటిలోంచే. ప్రాసెస్ ఖాతాకి బిజినెస్ కీగా, అంటే దాన్ని గుర్తుపట్టే పేరుగా, ఇదే వాడండి, అప్పుడు ఒకే బిల్లుని వెండర్ రెండు మెయిల్స్‌లో పంపినా రెండో ఖాతా తెరుచుకోకుండా ఆపగలరు. పోల్చేముందు ఖాళీలు తీసేసి, అక్షరాలన్నీ పెద్దవి చేయండి. గీతలు, అడ్డగీతలు, సున్నాలు మాత్రం ముట్టుకోవద్దు. వాటిని కూడా తీసేస్తే '1/12', '11/2' ఒకటైపోతాయి.

ఇంకొకటి: ఎంట్రీ మొదలుపెట్టగానే ఈఆర్‌పీ రిఫరెన్స్ గడిలో ప్రాసెస్ ఖాతా నంబరు కొట్టించండి. సేవ్ నొక్కాక స్క్రీన్ బిగుసుకుపోతే, అయిందో కాలేదో బాట్‌కి తెలియదు. ఆ పరిస్థితిలో వెంటనే మళ్ళీ ప్రయత్నించడం నిషేధం. ముందు ఆ నంబరుతో వెతకాలి, దొరికితే పత్రం నంబరు తీసుకుని రావాలి, దొరకకపోతేనే మళ్ళీ కొట్టాలి.

మళ్ళీ ప్రయత్నించడం గురించి ఎలాగూ మాట వచ్చింది కాబట్టి. ఫెయిల్ అన్నవి రెండు జాతులు. నెట్ పోయింది, స్క్రీన్ తెరుచుకోలేదు లాంటివి యంత్రం తప్పులు. 1, 5, 15 నిమిషాల ఎడంతో మూడుసార్లు ప్రయత్నించవచ్చు. 'ఈ వెండర్ బ్లాక్ అయ్యాడు', 'పీఓ మూసేశారు' లాంటివి వ్యాపార తప్పులు. వెయ్యిసార్లు నొక్కినా జవాబు మారదు. వాటిని బీపీఎంఎన్ ఎర్రర్‌గా ఇంజన్‌కి తిరిగిచ్చి మనిషి జాబితాలోకి పంపాలి. ప్రయత్నాల లెక్క కూడా ఒక్కచోటే ఉండాలి. ఇంజన్‌లో మూడు, బాట్ క్యూలో మూడు అని రెండుచోట్లా పెడితే మొత్తం తొమ్మిది అవుతాయి. పాస్‌వర్డ్ మారిన రోజున ఆ తొమ్మిదీ తప్పు లాగిన్లే, బాట్ ఐడీ లాక్.

ప్రశ్న (పటాన్‌చెరు): పగలు మేం చూస్తున్నంతసేపు బాట్ చక్కగా పనిచేస్తుంది. రాత్రి షెడ్యూల్ పెడితే పొద్దునకి ఎక్కడి గొంగడి అక్కడే. అన్నీ 'బటన్ దొరకలేదు' అనే.

జవాబు: పగలు మీరు చూస్తున్న స్క్రీన్, రాత్రి బాట్ చూస్తున్న స్క్రీన్ ఒకటి కాదు. రిమోట్ డెస్క్‌టాప్‌లో పెట్టి, సాయంత్రం ఆ కిటికీ మినిమైజ్ చేసి వెళ్తున్నారా? చేస్తే అవతలి స్క్రీన్ గీయబడదు, బొమ్మ చూసి నొక్కే బాట్‌కి గుడ్డితనం వస్తుంది. కిటికీ మూసేస్తే సెషన్ లాక్ అవుతుంది. మనిషి లేకుండా నడిచే అనటెండెడ్ పద్ధతిలో బాట్ తనే లాగిన్ అయ్యేట్టు పెట్టాలి, అప్పుడు కూడా స్క్రీన్ కొలత 1920కి 1080, స్కేలింగ్ 100 శాతం అని సెట్టింగ్‌లో రాసిపెట్టాలి. లేకపోతే చిన్న కొలతతో తెరుచుకుని, మీ 'సేవ్' బటన్ స్క్రోల్ కిందకి పోతుంది.

అది కాకపోతే తర్వాతి అనుమానాలు: 'మీ పాస్‌వర్డ్ 7 రోజుల్లో ముగుస్తుంది' అని అడ్డంగా వచ్చే పెట్టె, విండోస్ అప్‌డేట్‌తో రాత్రి రీస్టార్ట్, బ్యాకప్ సమయంలో ఈఆర్‌పీ నెమ్మదించడం. బాట్ రాసినవాళ్ళు '5 సెకన్లు ఆగు' అని పెట్టి ఉంటే 'గడి కనిపించేదాకా ఆగు, 90 సెకన్లు దాటితే వదిలేయ్' అని మార్పించండి. ఆగిపోయిన ప్రతిసారీ స్క్రీన్ ఫొటో తీసి ఆ బిల్లు ఖాతాకి జతచేయించండి. ఒక్క ఫొటో చూస్తే రెండు రోజుల ఊహాగానం తప్పుతుంది.

సర్వర్ తారీకు పద్ధతి కూడా చూడండి. అమెరికా పద్ధతిలో ఉంటే 03-04-2025 ఏప్రిల్ 3 కాస్తా మార్చి 4 అవుతుంది. నెలలో 12 వరకు ఉన్న తారీకులే ఇలా నిశ్శబ్దంగా తిరగబడతాయి, 13 నుంచి ఎర్రర్ వస్తుంది. ఎర్రర్ వచ్చినవి పట్టించుకుని రానివి వదిలేస్తే, బిల్లు వేరే ఆర్థిక సంవత్సరంలో పడి కూర్చుంటుంది.

ప్రశ్న (తిరుపతి): స్కాన్ చేసిన బిల్లుల్లో బాట్ జీఎస్‌టీఐఎన్, ఐఎఫ్‌ఎస్‌సీ తప్పు చదువుతోంది. ఓసీఆర్ (స్కాన్ బొమ్మలోంచి అక్షరాలు చదివే సాఫ్ట్‌వేర్) 95 శాతం నమ్మకం చూపించినవి కూడా తప్పే వస్తున్నాయి. అన్నీ మనుషులు చూడాల్సిందేనా?

జవాబు: ఓసీఆర్ చెప్పే నమ్మకం దాని ఆత్మవిశ్వాసం మాత్రమే. నిజం కనుక్కునే మార్గం ఆ నంబర్లలోనే ఉంది.

జీఎస్‌టీఐఎన్ 15 అక్షరాలు. మొదటి రెండూ రాష్ట్రం అంకెలు, ఆంధ్రప్రదేశ్ 37, తెలంగాణ 36. తర్వాతి పది పాన్: ఐదు అక్షరాలు, నాలుగు అంకెలు, ఒక అక్షరం. అందువల్ల 3 నుంచి 7 వరకు స్థానాల్లో సున్నా కనిపిస్తే అది 'ఓ', 8 నుంచి 11 వరకు 'ఓ' కనిపిస్తే అది సున్నా. ఒకటికీ 'ఐ'కీ, ఐదుకీ 'ఎస్'కీ, ఎనిమిదికీ 'బీ'కీ ఇదే సూత్రం. ఇలా సరిచేశాక చివరి అక్షరంతో సరిచూడాలి. అంకెలకి వాటి విలువే, 'ఏ'కి 10, 'బీ'కి 11, అలా 'జడ్'కి 35. మొదటి 14 విలువల్ని వరసగా 1, 2, 1, 2తో గుణించండి. ఒక్కో లబ్ధాన్ని 36తో భాగించి భాగఫలం, శేషం కలపండి. 14వ స్థానంలో మామూలుగా ఉండే 'జడ్' చూడండి: 35ని 2తో గుణిస్తే 70, భాగఫలం 1, శేషం 34, కలిపితే 35. పద్నాలుగూ కూడి, 36తో భాగించగా మిగిలిన శేషాన్ని 36లోంచి తీసేస్తే వచ్చే విలువే 15వ అక్షరం. శేషం సున్నా అయితే అక్షరమూ సున్నా. ఏ ఒక్క అక్షరం తప్పు చదివినా ఈ లెక్క పట్టేస్తుంది. కుదరనివే మనిషి దగ్గరకి పంపండి.

ఇంతకన్నా తేలిక దారి కూడా ఉంది. 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లు దాటిన టర్నోవర్ ఉన్న సరఫరాదారులు వ్యాపార సంస్థలకి ఇచ్చే బిల్లులకి ఈ-ఇన్వాయిస్ తప్పనిసరి, కొన్ని మినహాయింపులు పోగా. దాని మీద ఉండే క్యూఆర్ కోడ్‌లో ఇద్దరి జీఎస్‌టీఐఎన్‌లు, బిల్లు నంబరు, తారీకు, మొత్తం, ఐఆర్‌ఎన్ ఉంటాయి, డిజిటల్ సంతకంతో సహా. ముందు క్యూఆర్ చదవమని, అది లేకపోతేనే ఓసీఆర్‌కి పొమ్మని బొమ్మలో గీయండి. వస్తువారీ రేట్లు అందులో ఉండవు, వాటికి ఓసీఆర్ తప్పదు.

ఐఎఫ్‌ఎస్‌సీ 11 అక్షరాలు, ఐదోది ఎప్పుడూ సున్నానే. ఆ మాటకొస్తే బిల్లు మీద ఉన్న బ్యాంకు వివరాలు బాట్ ఎక్కడా ఎక్కించనే కూడదు. వెండర్ మాస్టర్‌లో (ఈఆర్‌పీలో వెండర్ల వివరాలుండే పట్టికలో) ఉన్నదానితో పోల్చడం వరకే దాని పని. తేడా వస్తే మనిషికి పోవాలి, ఆ మనిషి బిల్లు మీద ఉన్న నంబరుకి కాకుండా పాత రికార్డులో ఉన్న నంబరుకి ఫోన్ చేసి కనుక్కోవాలి. మధ్యలో ఎక్సెల్ వాడుతుంటే బ్యాంకు ఖాతా నంబర్ల గడిని ముందే టెక్స్ట్‌గా మార్చండి. ఎక్సెల్ 15 అంకెలే గుర్తుపెట్టుకుంటుంది, 16 అంకెల ఖాతాలో చివరిది సున్నా చేసేస్తుంది. ముందున్న సున్నాల్ని మింగేస్తుంది కూడా.

ప్రశ్న (కరీంనగర్ నుంచి ఒక ఉద్యోగిని): నమస్కారమండీ. మా ఆఫీసులో బాట్ నా లాగిన్‌తో నడుస్తోంది. పాస్‌వర్డ్ మారిస్తే ఐటీ వాళ్ళకి చెప్పాలట. నేను సెలవులో ఉన్న రోజు కూడా నా పేరుతో ఎంట్రీలు పడ్డాయి. ఏదైనా తేడా వస్తే నా మీదకి వస్తుందేమో అని భయంగా ఉంది.

జవాబు: మీ భయం న్యాయమైనదేనమ్మా. కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పుకీ తారీకుతో సహా ఎడిట్ లాగ్ ఉండాలని, దాన్ని ఆపే వీలుండకూడదని 2023 ఏప్రిల్ 1 నుంచి నియమం. ఆ లాగ్‌లో రాత్రి రెండు గంటలకి 80 ఎంట్రీలు కొట్టింది మీరే అని ఉంటుంది. మీ మేనేజర్‌కి రాతలో అడగండి, మెయిల్ అయితే మంచిది: బాట్‌కి విడిగా యూజర్ ఐడీ కావాలి, పాస్‌వర్డ్ మనుషుల చేతుల్లో కాకుండా బాట్ సాఫ్ట్‌వేర్‌లో పాస్‌వర్డ్‌లు దాచే క్రెడెన్షియల్ వాల్ట్‌లో ఉండాలి, అప్పటిదాకా మీ సెలవు రోజుల్లో బాట్ ఆపాలి. ఈ మాట మీ ఆడిటర్ చెవిన పడితే పని త్వరగా అవుతుంది.

కొత్త ఐడీకి ఇచ్చే హక్కులు కూడా చూడమనండి. బిల్లు ఎంట్రీ పెట్టడం బాట్, ఆమోదించడం మనిషి. వెండర్ మాస్టర్ మార్చే హక్కు, చెల్లింపు వదిలే హక్కు రెండూ ఒకే ఐడీకి ఇస్తే కంచే చేను మేసినట్టు అవుతుంది. కొన్ని ఈఆర్‌పీ లైసెన్సుల్లో బాట్ యూజర్‌ని విడిగా లెక్కపెడతారు. మీ లాగిన్ వాడటానికి అసలు కారణం ఆ ఖర్చు తప్పించుకోవడమే అయ్యుండొచ్చు.

ప్రశ్న (గుంటూరు): జీఎస్‌టీ పోర్టల్ నుంచి 2బీ (వెండర్లు మా పేర చూపిన బిల్లుల నివేదిక) దించాలంటే క్యాప్చా, ఒక్కోసారి ఓటీపీ. ఫోన్ మెసేజ్‌లు బాట్‌కి ఫార్వర్డ్ చేసే యాప్ పెట్టొచ్చా?

జవాబు: వద్దు. ఆ ఫోన్‌కే బ్యాంకు ఓటీపీలు కూడా వస్తాయి, అవీ ఆ యాప్ చేతికే పోతాయి. క్యాప్చా అంటేనే మనిషి ఉన్నాడా అని అడగడం, ఉన్న మనిషినే జవాబు చెప్పనివ్వండి. 2బీ ప్రతినెలా 14న తయారవుతుంది. 15 ఉదయం ఇంజన్ ఒక పనిని మీ టాక్స్ అసిస్టెంట్ జాబితాలో పెట్టాలి. ఆయన లాగిన్ అయ్యి క్యాప్చా, ఓటీపీ కొట్టి 'మొదలుపెట్టు' నొక్కితే, అక్కడి నుంచి ఆయన కంప్యూటర్ మీదే అటెండెడ్ (మనిషి ఉండగా నడిచే) బాట్ అందుకుని, దించి, పర్చేజ్ రిజిస్టర్‌తో పోల్చి, కుదరనివాటిని వెండర్‌వారీగా పనులుగా పంచుతుంది. మనిషి సమయం రెండు నిమిషాలు. జీఎస్‌టీఐఎన్‌లు చాలా ఉంటే, అనుమతి ఉన్న సర్వీస్ ప్రొవైడర్ ద్వారా ఏపీఐ (స్క్రీన్ లేకుండా సాఫ్ట్‌వేర్లు నేరుగా మాట్లాడుకునే దారి) తీసుకోవడం మేలు.

ప్రశ్న (కాకినాడ): నెలకి 1,800 బిల్లులకి బాట్లు ఎన్ని కావాలి? ఒకరు ఒకటి చాలంటారు, ఒకరు నాలుగంటారు.

జవాబు: నెల సగటుతో లెక్కేస్తే ఒకటి చాలు. బిల్లుకి 4 నిమిషాలు, నెలకి 7,200 నిమిషాలు, అంటే 120 గంటలే. కానీ బిల్లులు సగటున రావు. 40 శాతం చివరి నాలుగు పనిదినాల్లో వస్తాయనుకోండి: 720 బిల్లులు, రోజుకి 180, అంటే 12 గంటలు. మళ్ళీ ప్రయత్నాలకి 15 శాతం కలిపితే దాదాపు 14 గంటలు. ఈఆర్‌పీ బ్యాకప్‌కి, పాచ్‌లకి పోను రోజుకి 18 గంటలు దొరికితే ఒక్క బాట్ సరిపోతుంది. పగటి 9 గంటల్లోనే అవ్వాలంటే రెండు. నాలుగన్నవారు ఏ లెక్కతో అన్నారో కాగితం మీద రాయించుకోండి. మొదట మనిషి పక్కన ఉండి నడిపే పనైతే విండోస్ 10, 11లో ఉచితంగా వాడుకోగల పవర్ ఆటోమేట్ డెస్క్‌టాప్‌తో మొదలుపెట్టవచ్చు. రాత్రి దానంతటది నడవాలంటే మాత్రం దానికీ లైసెన్సు కావాలి. ఇంజన్ వైపు ఉచితం చూస్తుంటే, కముండా 7 అనే ఇంజన్ కమ్యూనిటీ (ఉచిత) రూపానికి 2025 అక్టోబరులో వచ్చిందే చివరి విడుదల అని తెలిసి దిగండి. ఫ్లోయబుల్‌కి ఓపెన్ సోర్స్ రూపం ఉంది.

ప్రశ్న (బెంగళూరులో పనిచేస్తున్న ఒక పాఠకుడు): ఏడాదిన్నరలో ఈఆర్‌పీ మారుస్తున్నాం. కొత్తదానికి ఏపీఐలు ఉన్నాయి. ఇప్పుడు బాట్ చేయించడం దండగేనా?

జవాబు: ఏపీఐ ఉన్నచోట బాట్ అక్కర్లేదు. స్క్రీన్ మారితే పగిలిపోయే వస్తువుని ఇష్టపడి ఎవరూ పెట్టుకోరు. ఏడాదిన్నర పాటు బిల్లుల పని ఆగదు కాబట్టి చేయించండి, కానీ సన్నగా. బాట్‌కి ఇంజన్ నుంచి వెళ్ళేవి ఇవే అని రాసుకోండి: ప్రాసెస్ ఖాతా నంబరు, వెండర్ కోడ్, బిల్లు నంబరు, తారీకు, పీఓ నంబరు, వరసలు, పన్ను, మొత్తం. తిరిగి వచ్చేవి మూడు: ఫలితం, ఈఆర్‌పీ పత్రం నంబరు, తప్పు అయితే దాని కోడ్. టాలరెన్సులు (ఎంత తేడా ఒప్పుకోవాలన్న హద్దులు), ఆమోదాలు, టైమర్లు ఏవీ బాట్‌లోకి రానివ్వద్దు. కొత్త ఈఆర్‌పీ వచ్చిన రోజున ఆ ఒక్క మెట్టులో బాట్ తీసి ఏపీఐ పిలుపు పెడతారు, అవే ఎనిమిది లోపలికి, అవే మూడు బయటికి. పాత ఈఆర్‌పీలో సగంలో ఉన్న బిల్లుల్ని మాత్రం పాత బాట్‌తోనే పూర్తిచేయించండి, అందుకని మారిన తర్వాత కూడా దాన్ని ఓ 60 రోజులు తీసేయకండి.